క్యాంపర్ వ్యాన్ యాత్రలో తిరుగు ప్రయాణం: చివరి 2,400 కి.మీ. ఎన్ని రోజుల్లో రావాలి, బండిలో ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న ఇదీ: మూడు నెలలుగా ఇద్దరూ క్యాంపర్ వ్యాన్‌లో తిరుగుతున్నారు. మీటరు మీద 14,000 కి.మీ. పెరిగింది, ఇల్లు ఇంకా 2,400 కి.మీ. ఉంది. చేతిలో పది రోజులున్నాయి, కానీ చూడాల్సినవన్నీ చూసేశాం కదా, నాలుగు రోజుల్లో లాగించేద్దామని మీ ఆలోచన. అలా రావచ్చా, బయల్దేరే ముందు బండిలో ఏం చూసుకోవాలి, ఇంటికి చేరాక ఏం చేయాలి అని అడిగారు.

నాలుగు రోజులు వద్దు. తొమ్మిది రోజులు వేసుకుని పదోది చేతిలో ఉంచుకోండి. మొదటి రోజు ఇంటి దారి పట్టొద్దు, అది పూర్తిగా తనిఖీకే. తర్వాత ఆరు రోజులు రోజుకి 380 కి.మీ. చొప్పున నడపండి. వాటిలో మూడో రోజు అయ్యాక ఒక రోజంతా ఆగండి. ఆఖరి ఉదయానికి 120 కి.మీ. మాత్రమే మిగలాలి, మధ్యాహ్నం లోపు ఇంటి ముందు బండి ఆగాలి. పదో రోజు గాలివానకో, పంక్చరుకో, ఎక్కడా దొరకని విడిభాగానికో. వాడే అవసరం రాకపోతే ఇంట్లో హాయిగా నిద్రపోవచ్చు.

ఎందుకింత నెమ్మది అంటే, మీరు బయల్దేరిన రోజు ఉన్న బండి, ఇప్పుడున్న బండి ఒకటి కాదు. బయల్దేరేటప్పుడు వారం రోజులు కూర్చుని నట్టు నట్టూ చూసుకుని ఉంటారు. తిరిగొచ్చేటప్పుడు ఆ పని ఎవరూ చేయరు. 14,000 కిలోమీటర్లలో టైర్లు అరిగాయి, బ్రేక్ ప్యాడ్లు పలచబడ్డాయి, అదురుకి స్క్రూలు వదులయ్యాయి, కొన్న సామాను బరువెక్కింది. వీటికి తోడు చెవి అలవాటు పడిపోతుంది. నెల రోజులుగా వెనకనుంచి వస్తున్న టకటక మీకు వినపడటం మానేసి ఉంటుంది. కొత్తవాణ్ణెవరినైనా అరగంట పక్కన కూర్చోబెట్టుకుని ఏం వినపడుతోందో చెప్పమనండి, తనిఖీకి ఇంతకన్నా చవకైన పద్ధతి లేదు.

ఇక మనిషి సంగతి. ఇంటి దారి పట్టిన ఎద్దుకి అదిలింపు అక్కర్లేదు, మనకీ అంతే. నాలుగు రోజుల లెక్కలో రోజుకి 600 కి.మీ. పడతాయి. నావిగేషన్ కారు వేగంతో సమయం చూపిస్తుంది, బరువున్న వ్యాన్‌కి దానిమీద 20 నుంచి 25 శాతం కలుపుకోవాలి. అంటే స్టీరింగు దగ్గరే తొమ్మిది గంటలు, ఆగుళ్లతో కలిపి పదకొండు. ఒక రోజు చేయగలరు. మూడు నెలల అలసట మీద వరసగా నాలుగు రోజులు చేస్తే నాలుగో రోజు మధ్యాహ్నం కళ్లు తెరిచే నిద్రపోతారు.

టైర్ల దగ్గర మొదలుపెట్టండి, ఎక్కువ సమయం అక్కడే పెట్టండి

చాలా దేశాల్లో గాడి లోతుకి చట్టపరమైన కనిష్ఠం 1.6 మి.మీ. వానలో బరువైన బండికి అది చాలదు. 3 మి.మీ. కన్నా తగ్గితే ఇంటికెళ్లి మారుద్దాం అనుకోకుండా ఇక్కడే మార్చేయండి. లోతు ఒక్కచోట కాదు, అడ్డంగా మూడు చోట్ల కొలవాలి: లోపలి అంచు, నడిమి, బయటి అంచు. రెండు అంచులూ అరిగితే ఇన్నాళ్లూ గాలి తక్కువగా నడిపారని అర్థం. నడుమ అరిగితే గాలి ఎక్కువైంది. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ పోయింది, ఏదో గుంటలో గట్టిగా పడి ఉంటారు. ఎగుడుదిగుడుగా గుంటలు గుంటలుగా అరిగి, చేత్తో నిమిరితే అలల్లా తగిలితే షాక్ అబ్జార్బర్లు అయిపోయాయి.

అందరూ వదిలేసేది లోపలి అంచు. నిలబడి చూస్తే టైరు కొత్తదానిలా ఉంటుంది, లోపలి వైపు తీగలు బయటపడి ఉంటాయి. ముందు చక్రాలకి స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పితే లోపలి అంచు కనపడుతుంది. వెనక చక్రాలకి ఫోన్ కెమెరాని కిందనుంచి పెట్టి ఫ్లాష్‌తో వీడియో తీయండి. పక్కగోడల మీద బొబ్బ, చీలిక, వెంట్రుకవాసి పగుళ్లు వెతకండి. టైరు తయారీ తేదీ, పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివరన నాలుగంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత బాగున్నా, పదేళ్ల టైరుతో పూర్తి బరువు మీద హైవే ఎక్కొద్దు.

గాలి పొద్దున్నే, చక్రం చల్లగా ఉన్నప్పుడే చూడాలి. 4.5 బార్, అంటే సుమారు 65 పీఎస్‌ఐ పెట్టిన టైరు 10 డిగ్రీల చలిలోంచి 30 డిగ్రీల వేడిలోకి వస్తే దాదాపు 0.4 బార్ పెరుగుతుంది. ఎక్కువైందని వేడి టైరులోంచి గాలి తీసేస్తే మర్నాడు పొద్దున తక్కువ గాలితో బయల్దేరతారు. కొండ ప్రాంతం నుంచి దిగొస్తుంటే దీనికి ఎదురు జరుగుతుంది: 3,000 మీటర్ల ఎత్తులో 4.5 బార్ నింపిన టైరు, ఉష్ణోగ్రత మారకపోయినా, సముద్రమట్టానికి వచ్చేసరికి గేజి మీద 4.2 చూపిస్తుంది. బయటి గాలి ఒత్తిడి పెరగడమే కారణం. కాబట్టి పెద్ద దిగుడు అయిన మర్నాడు మళ్లీ గేజి పెట్టండి.

స్టెప్నీ గాలి కూడా చూడండి. అంతకన్నా ముఖ్యం, స్టెప్నీ, జాకీ, వీల్ పాన చేతికందేలా ఉన్నాయా? తిరుగు ప్రయాణంలో కొన్న సామానంతా వాటి మీదే పేర్చి ఉంటుంది. రాత్రి, వానలో, రోడ్డు పక్కన ఆ సామాను దించడం ఎలా ఉంటుందో ఊహించుకుని ఇప్పుడే సర్దండి. జాకీ మీద రాసిన బరువు మీ నిండు బండికి సరిపోవాలి. దారిలో చక్రం మార్చాల్సి వస్తే 50 నుంచి 100 కి.మీ. నడిపాక నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. ఈ రెండో బిగింపు మర్చిపోవడం వల్లే దారిలో చక్రాలు ఊడతాయి.

బరువు: బయల్దేరినప్పటి లెక్క ఇప్పుడు చెల్లదు

దారిలో వేబ్రిడ్జి కనపడితే ఆగండి. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి, మొత్తం ఒకసారి తూయించండి. మొత్తం బరువు హద్దులోనే ఉండి, వెనక ఇరుసు ఒక్కటే మించిపోవడం క్యాంపర్లలో మామూలు విషయం. ఎందుకంటే సామానంతా వెనక గ్యారేజీలో (బండి వెనక ఉండే సామాను గదిలో), సైకిల్ ర్యాకు మీద చేరుతుంది.

లెక్క చూడండి. ఇరుసుల మధ్య దూరం 3.5 మీటర్లు, వెనక ఇరుసుకి 1.5 మీటర్లు అవతల 40 కిలోల పెట్టె పెట్టారు. వెనక ఇరుసు మీద పడేది 40 కిలోలు కాదు, 57 కిలోలు. మిగతా 17 ఎక్కడినుంచి వచ్చాయంటే, ముందు ఇరుసు మీంచి లేచాయి. ముందు చక్రాల మీద బరువు తగ్గితే స్టీరింగు తేలిపోతుంది. ముందు చక్రాలే లాగే బండైతే తడి ఎగువలో చక్రం ఉత్తినే తిరుగుతుంది. అదే పెట్టెని రెండు ఇరుసుల మధ్య, నేల మీద పెడితే ఈ గొడవ లేదు. రాళ్లు, పుస్తకాలు, సీసాలు, పింగాణీ లాంటి బరువు సామాను కిందకి, మధ్యకి. దుప్పట్లు, బట్టలు పై అరల్లోకి, వెనక్కి.

నీళ్లు లీటరుకి ఒక కిలో. నడిపే రోజుల్లో వంద లీటర్ల ట్యాంకు నింపుకుని తిరగక్కర్లేదు, 20 నుంచి 30 లీటర్లు చాలు. వాడిన నీళ్ల ట్యాంకు ఖాళీగా ఉండాలి. ఇక్కడ 70 కిలోలు, అక్కడ 60 కిలోలు తగ్గాయంటే కొన్న సామాను బరువు దాదాపు తీరిపోయినట్టే.

ఇంకోమాట. పైకప్పు మీద కొత్తగా ఏదైనా కట్టారా? పెట్టె, పడవ, సోలార్ పలక, ఏదైనా సరే. అయితే డ్రైవరు ఎదురుగా అంటించుకున్న ఎత్తు అంకె ఇప్పుడు అబద్ధం. టేపుతో మళ్లీ కొలిచి, పది సెంటీమీటర్లు కలిపి కొత్త అంకె రాయండి.

కిందా, లోపలా

ఇంజిన్ ఆయిల్ చదునైన నేల మీద, బండి ఆపిన పది నిమిషాలకి చూడండి. చాలా ఇంజిన్లలో డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్య తేడా సుమారు లీటరు. సగానికి దిగితే అదే గ్రేడు ఆయిల్ పావులీటరు చొప్పున పోస్తూ చూసుకోండి. ఎక్కువ పోయడం తక్కువ ఉండటం కన్నా మంచిదేం కాదు, నురగ కడుతుంది. సర్వీసు గడువు ఈ 2,400 కిలోమీటర్లలో దాటిపోతుంటే బయల్దేరే ముందే చేయించేయండి. దుమ్ము రోడ్ల మీద తిరిగి ఉంటే ఎయిర్ ఫిల్టరు కూడా.

బ్రేక్ ఆయిల్ తగ్గితే వెంటనే పోసేయకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికొచ్చి ఆయిల్ మట్టం దిగుతుంది, కాబట్టి ముందు ప్యాడ్లు చూడాలి, తర్వాత కారుతోందేమో చూడాలి. ప్యాడు మీద పదార్థం 3 మి.మీ. ఉంటే మార్చాల్సిందే. 4 మి.మీ. ఉండి దారిలో ఘాట్లుంటే, నా లెక్కలో అదీ మార్చాల్సిందే.

ఈ కాలపు డీజిల్ వ్యాన్లకి ఆడ్‌బ్లూ (పొగలోని విషవాయువులు తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) సంగతి ఒకటుంది. వెయ్యి కిలోమీటర్లకి లీటరు నుంచి రెండు లీటర్ల దాకా తాగుతుంది. పూర్తిగా అయిపోతే నడుస్తున్న ఇంజిన్ నడుస్తుంది గానీ, ఒకసారి ఆపితే మళ్లీ స్టార్టవదు. హెచ్చరిక కనపడిన రోజే పోసేయండి. అది −11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, చలి ప్రాంతంలో డబ్బా బయట వదిలేయొద్దు. ఒకేచోట మకాం పెట్టి చుట్టుపక్కలే చిన్న చిన్న దూరాలు తిరిగి ఉంటే డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టరులో) మసి పేరుకుని ఉంటుంది. బయల్దేరిన రోజు హైవే మీద అరగంట సమవేగంతో నడిపితే సాధారణంగా అదే కాల్చుకుంటుంది. ఆ మధ్యలో ఇంజిన్ ఆపకండి.

తర్వాత చాప పరుచుకుని బండి కిందకి దూరండి. సైలెన్సర్ రబ్బర్లు, కింద వేలాడే నీళ్ల ట్యాంకుల పట్టీలు, మెట్టు బోల్టులు, బండి పక్కన నీడకి చాపే గుడారపు తెర బ్రాకెట్లు, పైన సోలార్ పలక పట్టీలు. ప్రతిదాన్నీ చేత్తో పట్టుకుని ఊపాలి, కంటితో చూస్తే చాలదు. బిగించిన ప్రతి నట్టు మీదుగా బోల్టు మీదకి తెల్ల పెయింటు మార్కరుతో ఒక గీత గీయండి. రోజూ పొద్దున టార్చి వేసి చూసినప్పుడు గీత విరిగి కనపడితే అది తిరిగిందని అర్థం, పాన పట్టుకుని అన్నిటినీ పరీక్షించే పని ఉండదు.

తనిఖీ రోజు చివర్లో ఇరవై నిమిషాలు నడిపి, గట్టిగా బ్రేకు వేయకుండా మెల్లగా ఆపండి. దిగి నాలుగు చక్రాల దగ్గరా అరచేతి వెనక వైపు ఆనించకుండా పెట్టి వేడి చూడండి. ముందువి వెనకవాటికన్నా వేడిగా ఉండటం మామూలే. ఒకే ఇరుసు మీద కుడి ఎడమల మధ్య తేడా ఉంటే అది మామూలు కాదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరులో పాతిక ముప్పై డిగ్రీల తేడా చూపిస్తే ఆ పక్క బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగు పోతోంది. బేరింగైతే వేగం పెరిగేకొద్దీ గుయ్‌మనే రొద వస్తుంది. ఎడమకి వంపు తిరిగినప్పుడు రొద పెరిగితే కుడి బేరింగుని, కుడికి తిరిగినప్పుడు పెరిగితే ఎడమదాన్ని అనుమానించండి. వంపులో బరువు అవతలి పక్కకి పడుతుంది కాబట్టి అలా తెలుస్తుంది. రొద మొదలయ్యాక అది వందల కిలోమీటర్లు రావచ్చు, యాభైకే ఆగిపోవచ్చు. దాన్ని నమ్ముకుని 2,400 కి.మీ. వేసుకోవద్దు.

దిగుడు రోడ్లు

ఇంటికి వెళ్లే హడావుడిలో బ్రేకులు కాలేది ఇక్కడే. ఎక్కేటప్పుడు ఏ గేరు పట్టిందో దిగేటప్పుడూ అదే గేరు, లేదా ఇంకొకటి తగ్గించి, ఇంజిన్‌తోనే ఆపుకుంటూ రావాలి. కాలు బ్రేకు మీద ఆనించి పెట్టొద్దు. వేగం పెరగనిచ్చి, గట్టిగా నొక్కి దించి, పూర్తిగా వదిలేయండి, మళ్లీ పెరిగాక మళ్లీ నొక్కండి. వదిలిన ఆ కొద్ది సేపే డిస్కుకి చల్లారే అవకాశం.

కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తగా లోపలికి పోతున్నా గేరు ఇంకా తగ్గించి, వెడల్పున్న చోట ఆపండి. నీళ్లు పోయొద్దు, కాలిన డిస్కు వంగిపోతుంది. హ్యాండ్ బ్రేకు లాగి వదిలేయొద్దు, చక్రాలకి చెక్కలు పెట్టి గేరులో ఉంచండి. కనీసం అరగంట ఆగండి. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడినా సంతోషపడి మర్చిపోకండి. పెడల్ మెత్తబడిందంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఉంటుంది. ఆయిల్ కాలక్రమేణా గాలిలో తేమ పీల్చుకుంటుంది, తేమ పెరిగేకొద్దీ త్వరగా మరుగుతుంది. వచ్చే ఊళ్లో మార్పించండి.

కరెంటు, ఫ్రిజ్

తిరుగు ప్రయాణంలో బ్యాటరీ లెక్క తలకిందులవుతుంది. మకాం వేసినప్పుడు సోలార్ మీద బతికారు, ఇప్పుడు రోజుకి ఆరు గంటలు ఇంజిన్ నడుస్తుంది. ఇంజిన్ నడిచేటప్పుడు లోపలి బ్యాటరీని నింపే డీసీ–డీసీ ఛార్జరు 30 ఆంపియర్లదుంటే ఐదు గంటల్లో కాగితం మీద 150 ఆంపియర్ అవర్లు, కాబట్టి రాత్రికి కొరత రాకూడదు. వచ్చిందంటే ఛార్జరు ఫ్యూజో, ఇంజిన్ బ్యాటరీ నుంచి వచ్చే వైరు కొసో వదులైంది. కొసలు చేత్తో తాకి చూడండి, వేడిగా ఉంటే అక్కడే. ఛార్జరు లేకుండా రెండు బ్యాటరీలనీ కలిపే ఉత్త రిలే (స్విచ్) మాత్రమే ఉండి, బండి స్మార్ట్ ఆల్టర్నేటర్ (తనంతట తానే వోల్టేజీ తగ్గించుకునే) రకమైతే ఎంత నడిపినా బ్యాటరీ నిండదు. దానికి దారిలో వైద్యం లేదు, రెండు రాత్రులకొకసారి ప్లగ్గున్న చోట ఆగండి.

లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే ఛార్జింగు, వాడకం రెండూ ఆపేసి కొన్ని గంటలాగి చూస్తే 12.7 వోల్టులు నిండినట్టు, 12.2 సగం. సగం కన్నా కిందకి పోనివ్వకండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో వోల్టేజీ చాలాసేపు 13.2 దగ్గరే నిలబడి చివర్లో ఒక్కసారి జారుతుంది. అందుకే దానికి వోల్టుమీటరు కాదు, షంటు (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటుని లెక్కపెట్టే పరికరం) అంకె చూడాలి. సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయొద్దు.

గ్యాస్, 12 వోల్టులు, ప్లగ్గు కరెంటు అని మూడు రకాలుగా నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్ 12 వోల్టుల మీద 10 నుంచి 15 ఆంపియర్లు తాగుతుంది. బండి ఆపగానే దానంతట అది మారని రకమైతే టీ కోసం ఆగిన గంట కూడా బ్యాటరీకి బరువే. తాళంచెవి తీయగానే ఫ్రిజ్ నాబ్ మార్చడం చేతికి అలవాటు చేయండి.

గ్యాస్ గురించి కొంచెమే. నడిపేటప్పుడు సిలిండర్ మూసి ఉండాలి, గుద్దుకుంటే ఆపేసే రెగ్యులేటర్ ఉంటే తప్ప. ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు రాసి బుడగలు చూడండి. చలి దారిలో వెళ్తుంటే బ్యూటేన్ పనికిరాదు, సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ −42 దాకా ఆవిరవుతుంది.

కాగితాలూ అంతే, కానీ తప్పకుండా చూడండి. యాత్ర మధ్యలో ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ గడువులు ముగిశాయేమో చూసుకోండి. రోడ్డు సహాయం పాలసీల్లో ఒక యాత్రకి ఇన్ని రోజులే అని హద్దు ఉండొచ్చు, మూడు నెలల తర్వాత అది దాటిపోయిందో లేదో పాలసీ తీసి చదవండి. దేశాలు దాటుతుంటే కార్నే (పన్ను కట్టకుండా బండిని తాత్కాలికంగా తీసుకెళ్లే కస్టమ్స్ పత్రం) ఉన్న బండికి ప్రతి సరిహద్దులో బయటికి వెళ్లినట్టు ముద్ర పడాలి, అది లేకపోతే మీ పూచీ డబ్బు ఇరుక్కుంటుంది. యూరప్‌లోని షెంజెన్ (ఉమ్మడి వీసా) దేశాల మీదుగా వస్తుంటే ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే అన్న లెక్క మళ్లీ ఒకసారి వేళ్ల మీద వేసుకోండి.

రోజు ఎలా గడవాలి

ఆరున్నరకి బయల్దేరి మధ్యాహ్నం రెండుకల్లా ఆగాలి. రెండు గంటలకొకసారి బండి ఆపి పావుగంట కిందికి దిగి నడవండి, ప్రతి ఆగుడులోనూ డ్రైవరు మారండి. అలసిపోయాక మారడం వేరు, అలసిపోకముందే మారడం వేరు. మనిషి ఒంట్లో నిద్ర తన్నుకొచ్చేది తెల్లవారుజామున, తర్వాత మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య. ఈ రెండు వేళలూ తప్పించుకుంటే సగం ప్రమాదం తప్పించుకున్నట్టే. రెప్పలు బరువెక్కితే అద్దం దించడం, పాటలు పెంచడం పనిచేయవు. ఒక కాఫీ తాగి, వెంటనే పదిహేను ఇరవై నిమిషాలు పడుకోండి. కెఫీన్ పట్టడానికి దాదాపు అంతే సమయం పడుతుంది, రెండూ ఒకేసారి కలిసొస్తాయి. అదీ గంటో రెండు గంటలో పనిచేస్తుంది, రోజంతా కాదు.

వేగం 90 దగ్గర ఆపండి. 110కి వెళ్తే గాలి నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, డీజిల్ ఆ మేరకు పోతుంది. 380 కి.మీ. మొత్తం అడ్డంకి లేకుండా 110లో వెళ్లారనుకున్నా మిగిలేది 46 నిమిషాలు. నిజం రోడ్డు మీద ఇరవై కూడా మిగలవు. అడ్డగాలి గట్టిగా ఉన్న రోజు 70కి దిగండి, వంతెన ఎక్కేటప్పుడూ, లారీని దాటి దాని చాటులోంచి బయటికి వచ్చేటప్పుడూ రెండు చేతులూ స్టీరింగు మీద ఉండాలి.

రాత్రి బస ఎక్కడో పొద్దున్నే తేల్చుకోండి, దానికి ముప్పై కిలోమీటర్ల ఇవతల రెండోది కూడా. అవతల కాదు, ఇవతల. అలసినప్పుడు ముందుకి వెళ్లి వెతుక్కునే ఓపిక ఉండదు. మధ్యలో ఆగే రోజు బట్టలుతకడానికి, చక్రాల గాలికి, నట్ల గీతలకి, నిద్రకి. చూడాల్సిన ప్రదేశమేదీ ఆ రోజు పెట్టుకోకండి.

సరుకులు కూడా ఈ రోజుల్లోనే తగ్గించుకుంటూ రావాలి. ఆగే రోజున అరలన్నీ ఖాళీ చేసి ఉన్నవి రాసుకోండి, ఆ తర్వాత పాలు, కూరలు, రొట్టె తప్ప ఏమీ కొనకండి. ఇంటికి చేరేసరికి ఫ్రిజ్‌లో ఒక్క పూట తిండి మిగిలితే లెక్క కుదిరినట్టు.

ఆఖరి రాత్రి ఇంటికి 120 కి.మీ. దూరంలో

ఇంత దగ్గరికి వచ్చి ఆగడమేంటని అందరికీ అనిపిస్తుంది. ఆగాల్సిందే. మొదటి కారణం, తెలిసిన రోడ్డు మీద మనిషి ధ్యాస వదిలేస్తాడు, అదీ చీకట్లో, రోజంతా నడిపాక. రెండోది, వ్యర్థాలు దించే ఏర్పాటున్న చోట ఆ రాత్రి ఆగితే క్యాసెట్ టాయిలెట్ (బయటికి లాగి ఖాళీ చేసే డబ్బా ఉన్న మరుగుదొడ్డి), వాడిన నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి తేలిగ్గా ఇల్లు చేరతారు. 20 లీటర్ల క్యాసెట్‌ని ఇంటి బాత్రూమ్‌లో ఒంపడం ఎవరికీ మంచి జ్ఞాపకం కాదు.

వాడిన నీళ్ల ట్యాంకు కంపు కొడుతుంటే ఖాళీ చేశాక ఒక బకెట్ గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు కలిపి సింకులోంచి పోసి, మూతి మూసి బయల్దేరండి. 120 కిలోమీటర్ల కుదుపు లోపలి జిడ్డుని కడిగేస్తుంది. ఇంటికి చేరాక బకెట్ పెట్టి తీసేయడమే.

మధ్యాహ్నం లోపు చేరమనేది వెలుగు కోసం. మూడు నెలల్లో గేటు పక్క చెట్టు కొమ్మ పెరిగి ఉంటుంది, మీ పైకప్పు ఎత్తూ మారి ఉండొచ్చు. ఒకరు దిగి ముందు నడవాలి.

చేరిన 48 గంటల్లో

ముందు ఫ్రిజ్. ఖాళీ చేసి తుడిచి, తలుపు రెండు వేళ్ల సందుతో తెరిచి కట్టేయండి. మూసేస్తే వారానికి బూజు. పరుపులు, దిండ్లు నిలబెట్టండి, పరుపు కింద చెక్క తడిగా ఉందేమో చేత్తో తడమండి. గుడారపు తెర తడిగా చుట్టి ఉంటే రెండు రోజులు దాటకుండా తెరిచి ఆరబెట్టాలి.

మంచినీళ్ల ట్యాంకు, బాయిలర్, పంపు అన్నీ దించేసి కుళాయిలు తెరిచి ఉంచండి. క్రిమిసంహారం చేయాలంటే వాసన, రంగు కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ లీటరు నీళ్లకి ఒక మిల్లీలీటరు, అంటే వంద లీటర్లకి 100 మి.లీ. ప్రతి కుళాయిలో క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి, నాలుగు గంటలు ఉంచి, వాసన పోయేదాకా రెండు మూడుసార్లు కడగండి. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు, రబ్బరు వాషర్లు పోతాయి. టాయిలెట్ సీలుకి పెట్రోలియం జెల్లీ రాయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. సిలికాన్ రాయండి.

సముద్రతీరంలో, ఉప్పు చల్లిన మంచు రోడ్ల మీద తిరిగుంటే బండి కింద భాగం మంచినీళ్లతో నింపాదిగా కడిగించండి. ఇసుకంతా చక్రాల లోపలి తొట్టెల్లో ఇరుక్కుని ఉంటుంది.

చెమ్మ మీటరు ఉంటే కిటికీల మూలలు, పైకప్పు గవాక్షం చుట్టూ, వెనక దీపాల పక్కన పెట్టి చూడండి. 15 శాతం లోపు పర్లేదు, 20 దాటితే నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో వెతకాలి. మీటరు లేకపోతే బొటనవేలితో నొక్కండి, గోడ మెత్తగా లోపలికి పోతే ఆలస్యమైందని అర్థం. ప్రయాణం గుర్తున్నప్పుడే లోపాలన్నీ ఒక కాగితం మీద రాయండి, "అలమర తలుపు" అని కాదు, "ఎడమ పై అలమర తలుపు, గతుకుల్లో తెరుచుకుంటోంది" అని. వారం దాటితే సగం మర్చిపోతారు.

బండిని నెలలపాటు నిలపబోతుంటే డీజిల్ ట్యాంకు నింపండి, ఖాళీ ట్యాంకులో చెమ్మ చేరుతుంది. టైరు పక్కగోడ మీద రాసిన గరిష్ఠం మించకుండా గాలి ఎక్కువగా పెట్టండి. లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా నింపి, లిథియందాన్ని సగం దగ్గర ఉంచి, మెయిన్ స్విచ్ ఆపేయండి. చక్రాలకి చెక్కలు పెట్టి, గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు మాత్రం దించేయండి. లాగి వదిలేస్తే లైనింగు డ్రమ్ముకి అతుక్కుపోయి, మళ్లీ యాత్రకి తీసిన రోజు వెనక చక్రం తిరగనంటుంది.